దుబాయికి ఆకాశంలో 4 గంటలు - ఊరి నుంచి 12 గంటలు!

జగిత్యాల: శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయి విమానాశ్రయానికి దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం 4 గంటలకు కొంచెం అటూ ఇటూగా చేరుతుంది. కాని ఈ జిల్లా పల్లెలో ఇల్లు విడిచిన మనిషికి ఆ ప్రయాణం 12 గంటలకు తక్కువ పట్టదు. ఈ లెక్క ముందుగా తెలియకపోతే అప్పు చేసి కొన్న టికెట్టు గంగలో కలిసినట్లే.

గంటకు సుమారు 850 కి.మీ. వేగంతో పోయే విమానానికి ఈ దూరం 3 గంటల పని. అయితే రన్‌వే వరకు సాగడానికి, పైకి లేవడానికి, మెల్లగా దిగడానికి సమయం కావాలి. అదీగాక పైఆకాశంలో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే విమానాన్ని ముందుకు నెట్టే గాలి. అందువల్లనే తిరుగు ప్రయాణం సాధారణంగా అరగంట తక్కువలో ముగుస్తుంది.

ఇక గడియారం సంగతి. దుబాయి సమయం మనకన్నా గంటన్నర వెనుక. ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో లేచిన విమానం 12.30కు దుబాయిలో దిగినట్లు టికెట్టు మీద ఉంటుంది. చూసినవారికి రెండున్నర గంటలే అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ 10 గంటలకు బయలుదేరితే ఇక్కడ మధ్యాహ్నం 3 అవుతుంది. అది 5 గంటలుగా కనిపించినా గాలిలో గడిచేది మూడున్నర గంటలే. ఒమన్‌కు కూడా ఇదే లెక్క. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లకు తేడా రెండున్నర గంటలు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అర్ధరాత్రి విమానం. టికెట్టు మీద '15వ తేదీ 01.00' అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి నిద్రవేళ తర్వాత వచ్చే ఒంటిగంట. 15వ తేదీ సాయంత్రం మూట సర్దుకుని బయలుదేరితే విమానం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

జగిత్యాల నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద 200 కి.మీ.కు పైనే. నాలుగైదు గంటలు పడుతుంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన తర్వాత, ఉత్తర జిల్లాల వారు నగరం దాటి దక్షిణాన ఆ కొసకు పోవలసి వస్తున్నది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక నగరంలో చిక్కుకునే బాధ తగ్గినా దూరం తగ్గలేదు. విమానాశ్రయంలో 3 గంటల ముందే ఉండాలి. సాధారణంగా విమానం లేవడానికి గంట ముందే కౌంటరు మూసివేస్తారు. కనుక ఒంటిగంట విమానానికి ముందురోజు సాయంత్రం 4 గంటలకే ఇల్లు కదలడం క్షేమం.

టికెట్టు ఇచ్చే ఏజెంట్లు ఏ రోజు, ఎన్ని గంటలకు ఊరు విడవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇస్తే చాలు. ఖర్చులేని ఈ పని ఒక కుటుంబం అప్పుల పాలు కాకుండా కాపాడుతుంది. చదవడం రానివారు ఊళ్లో చదివినవారికి టికెట్టు చూపించి తేదీ, సమయం రెండూ ముందే ఖాయం చేసుకోవడం మంచిది.