సైకిల్‌కి ట్యూబ్‌లెస్ వేయించే ముందు టైరు సంగతి చూడండి

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసి పడిపోయే రోజులు దాదాపు పోయాయి. సెన్సర్ సైజు ఎంత, ఓఐఎస్ ఉందా లేదా అని అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. అదే మనిషి మౌంటెన్ బైక్ కొనడానికి వెళ్తే మాత్రం "21 గేర్లు, డ్యుయల్ డిస్క్ బ్రేకులు, ఫ్రంట్ సస్పెన్షన్" అన్న మూడు ముక్కలు వినగానే కార్డు గీకేస్తాడు. స్పెక్ షీట్‌లో టైరు గురించి ఉండేది ఒక్క లైను, అది కూడా సైజు మాత్రమే.

ఒకసారి ఆలోచించండి. రెండు టైర్లూ కలిపి నేలకి ఆనే జాగా సుమారుగా మీ ఒక్క అరచేతిలో పట్టేస్తుంది. బ్రేకులు ఎంత మంచివైనా, సస్పెన్షన్ ఎంత ఖరీదైనదైనా, చివరికి పని జరగాల్సింది ఆ అరచేయంత రబ్బరు మీదే.

ఇప్పుడు దీనికి తోడు ట్యూబ్‌లెస్ మోజు ఒకటి మొదలైంది. కొన్ని షాపుల్లో దీన్ని ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ అంటించినంత తేలిగ్గా అమ్మేస్తున్నారు. "సార్, ట్యూబ్‌లెస్ చేయించేయండి, ఇక పంక్చర్ గొడవే ఉండదు" అంటారు. నా లెక్క వేరు. ముందు గాలి సరిచేసుకోండి, దానికి డబ్బు అక్కర్లేదు. తర్వాత మంచి టైరు. ఆ రెండూ అయ్యాక, అదీ ముళ్ల దారుల్లో వారం వారం తిరిగేవాళ్లయితేనే, ట్యూబ్‌లెస్. ఈ వరస తప్పితే డబ్బు దండగ, కొన్ని సైకిళ్ల విషయంలో ప్రమాదం కూడా.

టైరు మీద రాసిన అంకెలు

టైరు పక్కగోడ మీద 29×2.25 అని ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాల్లో 57-622 లాంటిది ఇంకోటి ఉంటుంది. నమ్మాల్సింది ఈ రెండోదాన్ని. 57 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 622 అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. 29 అంగుళాలకి 622, 27.5కి 584, పాత 26కి 559. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, టైరు వచ్చాక రిమ్ముకి ఎక్కక తిరిగి పంపేవాళ్లు ఈ ఒక్క అంకె చూసుకుంటే చాలు.

వెడల్పు ఎక్కువైతే మంచిదే అనుకోకండి. 4 అంగుళాల టైర్లున్న ఫ్యాట్ బైకులు మంచు మీద, ఇసుక మీద తిరగడానికి పుట్టినవి. మన దగ్గర అవి ఎక్కువగా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే కనిపిస్తాయి, అది వేరే విషయం. మన మట్టి దారులకి 2.2 నుంచి 2.4 మధ్య ఉంటే హాయిగా సరిపోతుంది.

ఇక రబ్బరు. ఇది కంటికి కనపడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. తక్కువ ధర సైకిళ్లతో వచ్చే టైర్ల రబ్బరు చాలా వరకు గట్టిగా ఉంటుంది. త్వరగా అరగదు నిజమే, కానీ తడిసిన బండ మీద సబ్బు ముక్కలా జారుతుంది. మెత్తటి రబ్బరు బండని పట్టుకుంటుంది, బదులుగా త్వరగా అరుగుతుంది. మంచి కంపెనీలు ఒకే టైరులో మధ్య భాగానికి గట్టి రబ్బరు, మలుపుల్లో ఆనే అంచు గుబ్బలకి మెత్తటి రబ్బరు వాడేది అందుకే. మాక్సిస్ మినియన్ డీహెచ్ఎఫ్‌కి, మామూలు టైరుకి ఫొటోలో తేడా పెద్దగా తెలియదు. వాన పడ్డాక అనంతగిరి గుట్టల్లో దిగేటప్పుడు మొదటి మలుపులోనే తెలుస్తుంది.

అలాగని అందరికీ మినియన్ కొనమని కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లు. అక్కడ పెద్ద గుబ్బల టైర్లతో బర్రుమని చప్పుడు చేసుకుంటూ తొక్కేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఆ చప్పుడంతా వాళ్ల కాళ్ల శక్తే. మీ తొక్కుడు ముప్పావు వంతు తారు మీదే అయితే మధ్యలో నున్నగా, అంచుల్లో మాత్రం చిన్న గుబ్బలున్న టైరు తీసుకోండి. ఎండిన గట్టి నేల, పైన సన్నటి ఇసుక, మధ్యలో గ్రానైట్ బండలు (తెలంగాణలో చాలా చోట్ల ఇదే) అయితే గుబ్బలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. నల్లరేగడి బురదలో ఏ టైరూ పని చెయ్యదు, ఆ రోజు ఇంట్లో ఉండటమే ఉత్తమం.

బడ్జెట్ ఒక్క టైరుకే ఉంటే అది ముందు చక్రానికే వెయ్యండి. వెనక టైరు జారితే సైకిల్ కాస్త పక్కకి ఊగుతుంది. ముందుది జారితే మీరు కింద ఉంటారు. వెనక టైరే త్వరగా అరుగుతుంది కాబట్టి, అది అరిగినప్పుడు ముందు టైరుని వెనక్కి పంపి, కొత్తది ముందు బిగించుకుంటే సరి.

గాలి: పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్

"రాయిలా ఉండాలి, అప్పుడే సైకిల్ లైట్‌గా పోతుంది" అని వేలితో నొక్కి చూసి మరీ గాలి కొట్టించుకుంటారు మనవాళ్లు. నున్నటి తారు మీద అది కొంతవరకు నిజం. రాళ్ల దారిలో మాత్రం పూర్తిగా ఉల్టా. గట్టి టైరు ప్రతి రాయినీ ఎక్కి దిగుతుంది, ఎక్కిన ప్రతిసారీ మీ వేగంలో కొంత పైకి ఎగరడానికి ఖర్చయిపోతుంది. కాస్త మెత్తగా ఉన్న టైరు ఆ రాయిని తనలోకి మింగేసుకుని ముందుకి పోతుంది. పట్టు కూడా పెరుగుతుంది.

70 కిలోల మనిషి, 29×2.25 టైరు, లోపల ట్యూబు. మట్టి దారికి ముందు 26, వెనక 29 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. రిమ్ము రాయికి తగిలి టక్‌మని చప్పుడొస్తే రెండు పెంచండి. అసలేం తగలకుండా దడదడలాడుతుంటే రెండు తగ్గించండి. మూడు నాలుగు రైడ్‌లలో మీ నంబరు మీకు దొరుకుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు ఆ మేరకు పెంచుకోవాలి.

ఇక్కడ ఒక గ్యాడ్జెట్ నిజంగా పనికొస్తుంది, డిజిటల్ ప్రెషర్ గేజ్. పెట్రోల్ బంకులో ఉండేది కార్ల కోసం పెట్టింది, 22కీ 25కీ తేడా దాన్ని అడగడం అన్యాయం. షావొమీ పోర్టబుల్ కంప్రెసర్ లాంటివైతే మీరు పెట్టిన నంబరు దగ్గర వాటంతట అవే ఆగిపోతాయి. ఇంట్లో అది ఉంటే సైకిల్‌కీ వాడండి.

ట్యూబ్‌లెస్ ఎవరికి?

ట్యూబుతో గాలి మరీ తగ్గిస్తే ఒక ఇబ్బంది ఉంది. రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ట్యూబే లేకపోతే నలగడానికి ఏమీ ఉండదు. కాబట్టి అదే మనిషి ముందు 21, వెనక 24కి దిగొచ్చు. నా దృష్టిలో ట్యూబ్‌లెస్ అసలు లాభం ఇదే, పంక్చర్లు తగ్గడం దాని తర్వాతే.

చాలామంది మోటార్‌సైకిల్ ట్యూబ్‌లెస్, సైకిల్ ట్యూబ్‌లెస్ ఒకటే అనుకుంటారు. కాదు. మోటార్‌సైకిల్ టైరు మందం, గాలిని పట్టి ఉంచే పొర టైరులోనే ఉంటుంది. 1999లో మావిక్ కంపెనీ మిషెలిన్, హచిన్‌సన్‌తో కలిసి యూఎస్‌టీ పేరుతో తెచ్చిన సైకిల్ ట్యూబ్‌లెస్ కూడా ఆ దారిలోదే, అందుకే టైర్లు బరువుగా ఉండేవి. ఇప్పుడు మనకి దొరికే 'ట్యూబ్‌లెస్ రెడీ' టైరు పల్చన. లోపల సీలెంట్ అనే పాలలాంటి ద్రవం పోస్తేనే గాలి నిలుస్తుంది. చాలా వాటిలో ఉండేది రబ్బరు పాలే, అంటే లేటెక్స్. ముల్లు దిగి గాలి బయటికి తోసుకొస్తుంటే ఆ ద్రవం రంధ్రంలో గడ్డకట్టి మూసేస్తుంది.

మన ముళ్లకి ఇది దివ్యంగా పనిచేస్తుంది. చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ, పొలం గట్ల మీద పల్లేరు కాయలు. పల్లేరు గురించి అమెరికాలో అరిజోనా, న్యూ మెక్సికో వైపు ఉన్న మనవాళ్లని అడగండి. అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు గోట్‌హెడ్ అని తిట్టుకునే ముల్లు ఈ మొక్కదే. ఒకే రైడ్‌లో పది ముళ్లు దిగే చోట ట్యూబుకి ప్యాచ్‌లు వేసుకుంటూ కూర్చోవడం అయ్యే పని కాదు.

మరి ఎవరికి వద్దు? సైకిల్ నెలకోసారి బయటికి తీసేవాళ్లకి వద్దు. సీలెంట్ ఎండిపోతుంది, అది దాని స్వభావం. మన ఎండలకి ఇంకా త్వరగా ఎండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు నెలలకోసారి, మిగతా కాలంలో మూడు నాలుగు నెలలకోసారి చూసుకుని మళ్లీ పోయాల్సిందే. బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి వాడే సైకిల్‌లో పోస్తే వేసవి దాటేసరికి లోపల రబ్బరు ఉండలు తప్ప ఏమీ మిగలవు. ఆఫీసుకి తారు రోడ్డు మీద వెళ్లొచ్చేవాళ్లకి కూడా అనవసరం. గల్లీ చివర పంక్చర్ షాపులో తొట్టిలో ముంచి, ట్యూబుకి ప్యాచ్ వేసి పంపిస్తారు. ఆ సౌకర్యాన్ని తక్కువ చేసి చూడకండి.

అన్నిటికన్నా ముఖ్యం, మామూలు సింగిల్ వాల్ రిమ్ములున్న సైకిళ్లకి వద్దే వద్దు. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు జారిపోకుండా కూర్చోడానికి లోపల గట్టులాంటి అమరిక ఉంటుంది. అది లేని రిమ్ము మీద, ట్యూబ్‌లెస్ కాని టైరుతో, టేపు మీద టేపు చుట్టి గాలి నిలబెట్టామని చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి. స్టాండు మీద నిలబడింది మలుపులో నిలబడాలని ఏమీ లేదు. దిగుడులో పూర్తిగా ఒరిగినప్పుడు ముందు టైరు అంచు రిమ్ము నుంచి ఊడి, గాలి ఒక్కసారిగా పోతే పళ్లు రాలతాయి. రిమ్ము మీద, టైరు మీద రెండింటి మీదా 'ట్యూబ్‌లెస్ రెడీ' అని ఉంటేనే ముందుకెళ్లండి. పాత ట్యూబుని నిలువునా చీల్చి రిమ్ము మీద పరిచే పద్ధతి కూడా ఉంది, నేనైతే సలహా ఇవ్వను.

అలాంటి సైకిల్ ఉన్నవాళ్లు ముళ్లకి ఏం చెయ్యాలి? ట్యూబులోనే సీలెంట్ పోసుకోండి. మన సైకిళ్లకి ఎక్కువగా వచ్చే కారు తరహా వాల్వులో మధ్య పిన్ను విప్పొచ్చు, అందులోంచి పోసి మళ్లీ బిగించడమే. గాలి తగ్గించుకునే లాభం రాదు కానీ సన్న ముళ్లకి బాగానే ఆగుతుంది. తక్కువ ఖర్చులో నాకు నచ్చిన ఉపాయం ఇదే.

వేసుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

మొత్తం పనిలో చెడిపోయేది ఎక్కువగా టేపు దగ్గరే. రిమ్ము లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున్న టేపు కావాలి. ముందు రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ఫోన్ రిపేర్ వాళ్ల దగ్గర ఉండేదే. వాల్వ్ రంధ్రానికి ఎదురు వైపు మొదలుపెట్టి, బాగా లాగి పట్టుకుని చుట్టుకుంటూ వచ్చి, చివర పది సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడనివ్వండి. ఒక్క బుడగ మిగిలినా గాలి ఆ దారే వెతుక్కుంటుంది. వాల్వు రంధ్రం కూడా చూసుకోవాలి. సన్న ప్రెస్టా వాల్వుకి 6.5 మిల్లీమీటర్లు, కారు తరహా లావు వాల్వుకి 8.5. లావు రంధ్రంలో సన్న వాల్వు అలాగే పెడితే కారుతుంది, మధ్యలో రబ్బరు అడాప్టర్ కావాలి.

టైరు ఎక్కించాక అంచులకి సబ్బు నీళ్లు రాసి, వాల్వు పిన్ను విప్పి ఒక్క ఊపున గాలి కొట్టాలి. టప్ టప్ మని రెండు మూడు చప్పుళ్లు వస్తే అంచు కూర్చున్నట్టు. ఇందాక మెచ్చుకున్న పోర్టబుల్ కంప్రెసర్ ఇక్కడ ఎక్కువసార్లు చేతులెత్తేస్తుంది. 150 పీఎస్‌ఐ దాకా కొట్టగలదు కానీ గాలి సన్నగా వస్తుంది. వోల్టేజ్ ఉంది, కరెంట్ లేదన్నమాట. పంక్చర్ షాపులో పెద్ద ట్యాంకు కంప్రెసర్ దీనికి బెస్ట్, కాకపోతే రిమ్ము మీద, టైరు మీద రాసిన గరిష్ఠ ప్రెషర్లలో తక్కువదాన్ని దాటకుండా దగ్గరుండి చూసుకోండి. లారీ టైరుకి కొట్టే అలవాటులో కొట్టేస్తారు.

అంచు కూర్చున్నాక గాలి తీసి, వాల్వులోంచి 90 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ పోసి, మళ్లీ గాలి కొట్టి, చక్రాన్ని అటూ ఇటూ పడుకోబెట్టి తిప్పండి. వెంటనే ఒక అరగంట తొక్కిరండి. తర్వాత ఎప్పుడైనా లోపల ఎంత ఉందో చూడాలంటే చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపండి, గలగలమంటే ఉన్నట్టు.

ఇంత చేశాక కూడా బ్యాగులో ఒక ట్యూబు ఉండాల్సిందే. గాజు ముక్క పెద్ద గాటు పెడితే సీలెంట్ ఆపలేదు, అప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వు పీకేసి ట్యూబు వేసుకుని ఇంటికి రావాలి. వేసే ముందు టైరు లోపలంతా మందపాటి గుడ్డతో తుడవండి, ఉత్త వేలితో మాత్రం వద్దు. ఆరు నెలలుగా మీకు తెలియకుండా సీలెంట్ మూసేసిన ముళ్లన్నీ అక్కడే, మొనలు పైకి పెట్టుకుని కూర్చుని ఉంటాయి.