తాష్కెంట్: ఢిల్లీకి చెన్నై కన్నా దగ్గరే.. కానీ 2025లో ఇండిగో ఫ్లైట్ వెళ్లలేకపోయింది! ఎందుకంటే..?

ఢిల్లీ నుంచి చెన్నైకి గాల్లో దూరం సుమారు 1,760 కిలోమీటర్లు. ఉజ్బెకిస్థాన్ రాజధాని తాష్కెంట్‌కు సుమారు 1,580 కిలోమీటర్లే. అంటే చెన్నై కన్నా తాష్కెంటే దగ్గర! అయినా ఇండిగో 2025 ఏప్రిల్ 28 నుంచి కనీసం మే 7 వరకు తాష్కెంట్ సర్వీసులు ఆపేసింది. కజకిస్థాన్‌లోని అల్మాటీ ఫ్లైట్లు ఒకరోజు ముందే, 27 నుంచే ఆగాయి.

అసలేం జరిగింది?

పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత రెండు దేశాల మధ్య ఉద్రిక్తతలు పెరిగాయి. ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన విమానయాన సంస్థలకు తన గగనతలాన్ని మూసేసింది. మ్యాప్ చూస్తే విషయం అర్థమైపోతుంది. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు గీత గీస్తే అది పాకిస్థాన్ మీదుగానే వెళ్తుంది. గూగుల్‌లో కనిపించే దూరం ఆ గీతదే. విమానం ఎగిరేది మాత్రం అనుమతి ఉన్న దారిలోనే.

మరి చుట్టూ తిరిగి వెళ్లొచ్చు కదా?

వెళ్లాలంటే ముందు గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం దాటి, ఇరాన్ మీదుగా మళ్లీ పైకి రావాలి. దూరం రెట్టింపు దాటుతుంది. అప్పట్లో తమ దగ్గరున్న విమానాల రేంజ్‌కు ఈ రెండు నగరాలు అందవని ఇండిగో చెప్పేసింది. ఇక హిమాలయాల వైపు రూట్ రిస్క్. క్యాబిన్‌లో ప్రెషర్ తగ్గితే విమానం వెంటనే 10 వేల అడుగులకు దిగాలి. అక్కడ కొండలే అంతకంటే ఎత్తు!

ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఆ నిషేధం మన ఎయిర్‌లైన్స్‌కు మాత్రమే విధించారు. ఉజ్బెకిస్థాన్ ఎయిర్‌వేస్ లాంటి విదేశీ సంస్థలు పాక్ మీదుగానే వెళ్లే వీలుండేది. అంటే ప్రయాణికుడికి దారి ఉన్నా, ఛాయిస్ తగ్గింది. ఛాయిస్ తగ్గితే టికెట్ రేటు ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్లకు ఎఫెక్ట్ ఏంటి?

ఉజ్బెకిస్థాన్, కజకిస్థాన్, కిర్గిజ్‌స్థాన్‌లలో ఎంబీబీఎస్ చదివే తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఢిల్లీలో ఫ్లైట్ మారి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్-ఢిల్లీ టికెట్, ఢిల్లీ-తాష్కెంట్ టికెట్ విడివిడిగా కొంటే, ఒకటి రద్దయినా రెండోదానికి రీఫండ్ గ్యారంటీ ఉండదు. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే సేఫ్. రూట్ మారితే ఎంత టైమ్ పడుతుందో, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందో ముందే చెప్పాలని 2025లో డీజీసీఏ కూడా ఎయిర్‌లైన్స్‌ను ఆదేశించింది. కాబట్టి చెక్-ఇన్‌లో అడగండి.

ఎన్నాళ్లిలా?

2019లో బాలాకోట్ దాడుల తర్వాత ఇలాగే మూసేస్తే, పూర్తిగా తెరవడానికి జూలై 16 దాకా పట్టింది. దాదాపు నాలుగున్నర నెలలు! అప్పట్లో ఒక్క ఎయిర్ ఇండియాకే జూలై 2 నాటికి రూ.491 కోట్ల నష్టం వచ్చిందని కేంద్రం రాజ్యసభలో చెప్పింది. 2025లో మూసేసినప్పుడు పాక్ ప్రకటించిన గడువు మే 23. సెలవులకు పిల్లలు ఇంటికి రావాల్సి ఉంటే, తల్లిదండ్రులు ఇలాంటి గడువులను నమ్ముకోకుండా ముందే ప్లాన్-బీ చూసుకోవడం మంచిది.