హోండా వీ3ఆర్ 900: కరెంటుతో తిరిగే సూపర్‌ఛార్జర్.. బైక్ లవర్స్ మధ్య ఇంత రచ్చ ఎందుకు?

రేటు చెప్పలేదు. హార్స్‌పవర్ ఎంతో చెప్పలేదు. ప్రోటోటైప్ మాత్రం చూపించారు. అంతే.. బైక్ లవర్స్ రెండు వర్గాలుగా చీలిపోయారు. ఆ బండి పేరు హోండా వీ3ఆర్ 900 ఈ-కంప్రెసర్.

2024 నవంబర్‌లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన ఐక్మా బైక్ షోలో హోండా మొదటిసారి ఈ ఇంజిన్‌ను బయటపెట్టింది. ఏడాది తిరిగేసరికి, 2025 నవంబర్‌లో అదే వేదిక మీద 900 సీసీ ప్రోటోటైప్‌ను దించింది. కంపెనీ ఇచ్చిన లెక్క ఒక్కటే. ఇంజిన్ 900 సీసీ, పనితీరు మాత్రం 1200 సీసీ బైక్‌తో సమానం అట. మిగతా 300 సీసీ ఎక్కడి నుంచి వచ్చింది? గాలి నుంచి.

కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదిన వాళ్లకు ఈ టెక్నాలజీ అర్థం కావడం ఐదు నిమిషాల పని. కట్టెలు అవే, కానీ గాలి ఎక్కువ తగిలితే మంట భగ్గుమంటుంది. ఇంజిన్ కూడా అంతే. సిలిండర్‌లోకి ఎంత ఎక్కువ గాలి కుక్కితే అంత ఎక్కువ పెట్రోల్ మండించొచ్చు, అంత ఎక్కువ పవర్ వస్తుంది. మనం రోజూ తోలే బైక్‌లు గాలిని తమంతట తాము పీల్చుకుంటాయి. సూపర్‌ఛార్జర్ ఉన్న బండిలో ఒక ఫ్యాన్ లాంటి చక్రం గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది.

అసలు ప్రశ్న ఏంటంటే.. ఆ చక్రాన్ని తిప్పేది ఎవరు?

టర్బోలో అయితే సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగ తిప్పుతుంది. పొగ బలంగా రావాలంటే ఇంజిన్ స్పీడ్ అందుకోవాలి. అందుకే యాక్సిలరేటర్ తిప్పాక ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా తన్నినట్టు పవర్ వస్తుంది. దీన్నే టర్బో లాగ్ అంటారు. 1980ల మొదట్లో హోండా సీఎక్స్500 టర్బో, యమహా ఎక్స్‌జే650 టర్బో, సుజుకీ ఎక్స్ఎన్85, కవాసకీ జీపీజెడ్750 టర్బో.. ఇలా జపాన్ నాలుగు కంపెనీలూ టర్బో బైక్‌లు తెచ్చాయి. కొన్నాళ్లకే నాలుగూ ఆపేశాయి. బరువు, ఖర్చు, ఆ లాగ్. కారులో లాగ్ వస్తే చిరాకు. మలుపులో వంగి ఉన్న బైక్‌కి ఆలస్యంగా పవర్ వస్తే ప్రమాదం.

సూపర్‌ఛార్జర్‌ను ఇంజినే నేరుగా గేర్లతో తిప్పుతుంది. ఈ దారిలో వెళ్లి సక్సెస్ కొట్టింది కవాసకీ. 2014లో వచ్చిన నింజా హెచ్2, హెచ్2ఆర్ గుర్తున్నాయి కదా? దాని లోపలి చక్రం నిమిషానికి దాదాపు లక్షా 30 వేల సార్లు తిరుగుతుంది. ట్రాక్ కోసం మాత్రమే చేసిన హెచ్2ఆర్ పవర్ 310 పీఎస్. 2016లో టర్కీ రేసర్ కెనాన్ సోఫువోగ్లు అదే బండిపై, అప్పటికి ఇంకా ట్రాఫిక్‌కు తెరవని ఉస్మాన్ గాజీ వంతెన మీద 26 సెకన్లలో 400 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. ఆ వీడియో చూడని బైక్ అభిమాని ఉండడేమో.

కానీ హెచ్2లోనూ ఒక షరతు ఉంది. చక్రం ఇంజిన్‌కే కట్టేసి ఉంటుంది కాబట్టి, ఇంజిన్ మెల్లగా తిరిగితే అదీ మెల్లగానే తిరుగుతుంది. ఫుల్ బూస్ట్ కావాలంటే ఆర్‌పీఎం ఎక్కించాల్సిందే.

హోండా ఈ కట్టును తెంచేసింది. చక్రాన్ని తిప్పే పని కరెంటుకు అప్పగించింది. ఇంజిన్ ఏ ఆర్‌పీఎంలో ఉన్నా సంబంధం లేకుండా కంప్రెసర్‌ను కంట్రోల్ చేయొచ్చు. అంటే ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కూడా తలుచుకుంటే బూస్ట్ రెడీ. మోటార్‌సైకిల్ మీద ఎలక్ట్రిక్ కంప్రెసర్ ప్రపంచంలో ఇదే మొదటిది అంటోంది హోండా. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా అవసరం లేదట. ఇంజిన్ కూడా మామూలుది కాదు. 75 డిగ్రీల వీ ఆకారంలో ముందు రెండు, వెనుక ఒక సిలిండర్. వీ3 అంటే హోండాకు సెంటిమెంట్ కూడా ఉంది. 1983లో ఫ్రెడ్డీ స్పెన్సర్ 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది మూడు సిలిండర్ల ఎన్ఎస్500 మీదే. అయితే అది టూ స్ట్రోక్.

ఇక రచ్చ సంగతి. ఒక వర్గం వాదన ఏంటంటే, హోండా పదేళ్లు లేటు. కవాసకీ ఎప్పుడో చేసి చూపించింది, ఇప్పుడు కరెంటు ఫ్యాన్ పెట్టి కొత్తది అంటే ఎలా అని. పైగా మోటార్, దానికి కావాల్సిన కరెంటు సరఫరా అన్నీ కలిసి బరువు, రేటు పెంచుతాయన్నది వాళ్ల అనుమానం. రెండో వర్గం మాట వేరు. యూరప్‌లో పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కొద్దీ పెద్ద ఇంజిన్లు బతకడం కష్టం, చిన్న ఇంజిన్‌తో పెద్ద పవర్ తీసే దారి ఇదే అంటారు. నాకైతే రెండో మాటలోనే బలం ఎక్కువ కనిపిస్తోంది. కార్లలో పదిహేనేళ్లుగా జరుగుతున్నది ఇదేగా! వెయ్యి సీసీ టర్బో కార్లు మన వీధుల్లో ఎన్ని తిరగడం లేదు?

రేసింగ్ అభిమానులకు మాత్రం నిరాశే. 1939లో జార్జ్ మయర్ సూపర్‌ఛార్జ్‌డ్ బీఎండబ్ల్యూ మీద ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ గెలిచాడు. యుద్ధం అయ్యాక 1946లో రేసుల్లో సూపర్‌ఛార్జర్లను నిషేధించారు. మోటోజీపీలో ఈ రోజుకీ వాటికి చోటు లేదు. కాబట్టి ఇది రోడ్డు బండే. ఎవరి రోడ్డు అన్నదే పాయింట్.

ఇక్కడే మన దగ్గరకు రావాలి. కవాసకీ జెడ్ హెచ్2 2021లో ఇండియాలోకి వచ్చినప్పుడే ఎక్స్ షోరూమ్ రేటు రూ.21.90 లక్షలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైక్‌లపై జీఎస్టీ 40 శాతం అయింది. 350 లోపు వాటికి మాత్రం 28 నుంచి 18కి తగ్గింది. సీసీని బట్టి పన్ను, పవర్‌ను బట్టి కాదు. సరదాగా ఆలోచిస్తే.. రేపు ఎవరైనా 350 సీసీ ఇంజిన్‌కు ఇలాంటి కంప్రెసర్ తగిలిస్తే? 500 సీసీ పవర్, 18 శాతం పన్ను. హోండా అలా చేస్తుందని కాదు, కానీ ఈ టెక్నాలజీ చవకైతే మన మార్కెట్లో మొదట పండేది ఆ లెక్కే.

పన్ను కంటే పెద్ద విషయం లైసెన్స్. యూరప్‌లో కుర్రాళ్లు నేరుగా పెద్ద బండి ఎక్కలేరు. ముందు ఏ2 లైసెన్స్, 35 కిలోవాట్ల లోపు, అంటే సుమారు 47 హార్స్‌పవర్. రెండేళ్లు అది నడిపాకే పెద్ద బైక్‌కు అర్హత, లేదంటే 24 ఏళ్లు నిండాలి. మన దగ్గర? 18 ఏళ్లు నిండితే ఆర్టీఏ ఆఫీసులో 100 సీసీ బండి మీద 8 ట్రాక్ తిప్పి గేర్ బైక్ లైసెన్స్ తీసుకోవచ్చు. అదే కార్డుతో మర్నాడు 200 హార్స్‌పవర్ బండి తోలినా చట్టం ఏమీ అనదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2011 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సీసీ సుజుకీ బైక్ ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ చనిపోయారు. వయసు 19. వెంట ఉన్న బంధువుల అబ్బాయి కూడా దక్కలేదు. 2021లో కేబుల్ బ్రిడ్జి దగ్గర హీరో సాయి ధరమ్ తేజ్ బైక్ స్కిడ్ అయింది. రోడ్డు మీద మట్టి, ఇసుక గురించి అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఆయన బతికి బయటపడ్డారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మరణాలు 1.68 లక్షలు, వాటిలో 44 శాతానికి పైగా టూ వీలర్ల మీద వెళ్తున్నవారే. వాళ్లలో ఎక్కువమంది తోలింది సూపర్‌బైక్ కాదు, మామూలు బండ్లే. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ వీ3ఆర్ మంచిదా, ప్రమాదమా? నిజం చెప్పాలంటే ఆ కంప్రెసర్ రెండు వైపులా పదునున్న కత్తి. బూస్ట్ మొత్తం సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది కాబట్టి వానలో తగ్గించొచ్చు, కొత్తవాళ్లకు లిమిట్ పెట్టొచ్చు. అదే సమయంలో, పాత సూపర్‌బైక్‌లు ఆర్‌పీఎం ఎక్కితే గానీ అసలు రూపం చూపించవు. వాటి అరుపే ఒక హెచ్చరిక. ఈ బండికి ఆ హెచ్చరిక అవసరం లేదు. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకు టూ వీలర్లకు ఎలాగూ ఎంట్రీ లేదు. కాబట్టి హైదరాబాద్‌లో ఈ పవర్ బయటపడేది సిటీ లోపలే, ఫ్లైఓవర్ల మీద, రాత్రి పదకొండు తర్వాత.

స్పెక్ షీట్ వచ్చిన రోజు అందరూ ముందు హార్స్‌పవర్ అంకె చూస్తారు. దాని కింద ఇంకో లైన్ ఉంటుంది.. గరిష్ఠ టార్క్ ఎంత ఆర్‌పీఎం దగ్గర వస్తోందని. అది చూడండి. 9 వేల దగ్గర అని ఉంటే ఇది ఇంకో సూపర్‌బైక్. 3, 4 వేల దగ్గరే అని ఉంటే, పంజాగుట్ట సిగ్నల్‌లో ఫస్ట్ గేర్ వేసినప్పటి నుంచే 1200 సీసీ బండి మీద ఉన్నట్టు లెక్క.