తెల్లబట్టకు కారణం వెతకరు, గర్భసంచి మాత్రం తీసేస్తారు

తెల్లబట్ట అవుతోందని ఆసుపత్రికి వెళ్తే ముందు ఎదురయ్యే ప్రశ్న "శుభ్రంగా ఉంటావా?" మాలపల్లె నుంచో, మాదిగగూడెం నుంచో వెళ్లిన స్త్రీకి ఆ మాటలో కులం కూడా వినిపిస్తుంది. జబ్బుకు కారణం ఆమేనని పరీక్షకు ముందే తేల్చేస్తారు.

పరిశోధన చెబుతున్నది వేరు. యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి మిగతా క్రిములను అదుపులో ఉంచుతుంది. అది తగ్గి గార్డ్‌నెరెల్లా లాంటివి పెరిగితే వచ్చేదే బ్యాక్టీరియల్ వజినోసిస్. మందులతో తగ్గినా చాలామందికి తిరగబెడుతుంది. ఎందుకని? 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం 164 జంటలను పరిశీలించింది. స్త్రీకి మాత్రమే మందు ఇచ్చినచోట 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. మగవాడికీ ఇచ్చినచోట అది 35 శాతమే. ఇన్నాళ్లూ "శుభ్రత" పాఠం ఒక్కరికే చెప్పారు!

నీళ్లు, మరుగుదొడ్డి అక్కర్లేదని కాదు. నెలసరి బట్ట మార్చుకోవడానికి చాటు దొరకని పరిస్థితికీ ఇన్‌ఫెక్షన్లకూ సంబంధం ఉందని ఒడిశాలో 2015లో వచ్చిన అధ్యయనం చూపింది. వాడకు కుళాయి వేయకపోవడం ఆమె అలవాటు కాదు కదా.

ఇక మన దగ్గర జరుగుతున్నది చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఈ ఆపరేషన్లలో కొన్నింటికి మొదలు తెల్లబట్టే. "క్యాన్సర్ అవుతుంది" అన్న బెదిరింపే. ఈ బ్యాక్టీరియా గొడవ యోనిలోది, గర్భసంచి తీసినా పోదు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ పడిపోయి, ఆ హార్మోన్ మీద ఆధారపడే లాక్టోబాసిల్లస్ ఇంకా తగ్గుతుంది.

కారణం తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పీహెచ్ కాగితం, మైక్రోస్కోపు, చూడటం వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ చాలు. స్లైడు చూసి లెక్కగట్టే న్యూజెంట్ పద్ధతి 1991 నాటిది. అయినా ప్రభుత్వ వైద్యంలో లక్షణాన్ని బట్టి కిట్ ఇచ్చి పంపే పద్ధతే ఎక్కువ.

అనవసర గర్భసంచి ఆపరేషన్లపై కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా పర్యవేక్షణ కమిటీలు అందులో భాగమే. మీ జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? ఆపరేషన్‌కు ముందు ఎందరికి స్లైడు పరీక్ష చేశారు? అందులో ఎస్సీ, ఎస్టీ స్త్రీలెందరు? సమాచార హక్కు దరఖాస్తులో అడగాల్సిన ప్రశ్నలివి.