యాడ్... యాడ ఆగింది?

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ అనే దీవి. అక్కడి సెయింట్ జాన్స్ నగరంలో విత్తనాలు అమ్మే పాత దుకాణం ఒకటుంది. 2020 అక్టోబరులో దుకాణం వాళ్లు ఫేస్‌బుక్‌లో ఓ ప్రకటన ఇవ్వబోయారు. 'వల్లా వల్లా' అనే తియ్యటి ఉల్లి రకం విత్తనాల కోసం. ఫొటోలో ఉన్నది ఉల్లిగడ్డలే. ఫేస్‌బుక్ మాత్రం 'ఇది అశ్లీలంగా ఉంది, కుదరదు' అని తిప్పికొట్టింది!

ఉల్లిగడ్డలో అశ్లీలమేమిటని దుకాణం వాళ్లు తలపట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే... ఆ గుండ్రటి ఆకారాన్నీ, ఆ రంగునీ చూసి కంప్యూటరు ఇంకేదో అనుకుంది. విషయం పత్రికలకెక్కాక సంస్థ క్షమాపణ చెప్పి ప్రకటనను మళ్లీ అనుమతించింది. లోకమంతా నవ్వుకుంది.

మన దగ్గర మాత్రం ఇది నవ్వులాట కాదు. ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మే గృహిణి, మగ్గం వర్కు చేసే అమ్మాయి, మంగళగిరి చీరలు నేరుగా అమ్ముకునే చేనేత కుటుంబం, ట్యూషన్లు చెప్పే మాస్టారు... అందరికీ ఇవాళ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబే దుకాణం బోర్డు. ఆవకాయకు వేసవి, చీరలకు శ్రావణమాసం. ఆ నాలుగు వారాల్లో అమ్ముడుపోతేనే ఏడాది లెక్క సరిపోతుంది. సరిగ్గా అప్పుడే 'మీ యాడ్ రిజెక్ట్ అయింది' అని ఒక్క ముక్క వస్తే? వారం గడిచేసరికి సీజనూ గడిచిపోతుంది. అందుకే ఎందుకు ఆపుతారో, ఎలా దిద్దుకోవాలో ముందే తెలుసుకోవడం మేలు.

చూసేది ఎవరు?

పత్రికకు ప్రకటన ఇవ్వాలంటే కౌంటర్లో ఓ మనిషి ఉంటాడు. అభ్యంతరముంటే 'ఈ మాట తీసెయ్యండి' అని అక్కడికక్కడే చెబుతాడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ దగ్గర ఆ పని మొదట చేసేది చాలావరకూ కంప్యూటరే. అది ఫొటో, వీడియో, రాసిన మాటలతో పాటు యాడ్ ఎవరికి చేరాలని మీరు కోరుకున్నారో చూస్తుంది. లింకు నొక్కితే తెరుచుకునే పేజీనీ వదలదు. మామూలుగా ఇదంతా 24 గంటల్లో అయిపోతుంది. ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఒకసారి అనుమతి వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. నడుస్తున్న ప్రకటనను కూడా మళ్లీ పరీక్షించి ఆపేయొచ్చు.

ఎందుకింత కాపలా అంటే... మోసగాళ్ల బెడద అలాంటిది. గూగుల్ సంస్థ 2024లో ప్రపంచవ్యాప్తంగా 510 కోట్ల ప్రకటనలను అడ్డుకుంది. 3 కోట్ల 92 లక్షల ప్రకటనదారుల ఖాతాలను నిలిపేసింది. దొంగల కోసం వేసిన వలలో అప్పుడప్పుడూ ఉల్లిగడ్డలూ పడుతుంటాయి. అయితే రిజెక్ట్ అయిన ప్రతిదీ కంప్యూటరు పొరపాటేమీ కాదు. చాలాసార్లు తప్పు యాడ్‌లోనే ఉంటుంది.

'మీకు షుగరా?' అనకూడదు

ఎక్కువమంది తెలియక చేసే పొరపాటు ఇదే. 'మీకు షుగరుందా?', 'అప్పుల్లో కూరుకుపోయారా?', 'మీ లావు చూసి నలుగురూ నవ్వుతున్నారా?'... గోడమీద రాతల్లో ఇవి మనకు అలవాటే. ఫేస్‌బుక్‌లో మాత్రం చెల్లవు. చదివే మనిషి ఆరోగ్యం, మతం, కులం, వయసు, డబ్బు పరిస్థితి లాంటివి మీకు ముందే తెలుసన్నట్టు మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. అలాంటి ప్రకటన కనిపిస్తే 'నా సంగతి వీళ్లకెలా తెలిసింది' అని చదివినవాళ్లు ఉలిక్కిపడతారు కదా.

దీనికి మందు తేలికే. మనిషిని వదిలేసి వస్తువు గురించి చెప్పండి. 'మీకు షుగరుందా? మా బిస్కెట్లు తినండి' అనే బదులు 'చక్కెర కలపని రాగి బిస్కెట్లు' అంటే సరిపోతుంది. 'మీ అబ్బాయి లెక్కల్లో మొద్దా?' అనే బదులు 'పదో తరగతి లెక్కలకు సాయంత్రం క్లాసులు' అనండి. చెప్పాల్సింది చెప్పినట్టే, ఎవరి మనసూ నొప్పించనట్టే.

ముందు... తర్వాత!

ఎడమవైపు బొద్దుగా, కుడివైపు నాజూగ్గా. బరువు తగ్గించే సరుకులు అమ్మేవాళ్లకు ఈ రెండు ఫొటోలంటే మహా మోజు. రిజెక్ట్ కావడానికి ఇది దగ్గరి దారి. పొట్టను చేత్తో పట్టుకుని చూపించే ఫొటోలూ అంతే. తన శరీరం మీద తనకే అసహ్యం పుట్టించేలా ప్రకటన ఉండకూడదంటారు. పైగా బరువు తగ్గించే ఉత్పత్తుల ప్రకటనలు 18 ఏళ్లు నిండిన వాళ్లకే చూపించాలి. వయసు పెట్టేచోట 13 అని వదిలేసి, తర్వాత ఎందుకు ఆగిందా అని జుట్టు పీక్కునేవాళ్లు బోలెడుమంది.

'ఏడు రోజుల్లో ఖాయం', 'నూటికి నూరుశాతం గ్యారంటీ' లాంటి మాటలూ ప్రమాదమే. ఇక్కడ ఫేస్‌బుక్ ఒప్పుకున్నా మన చట్టం ఒప్పుకోదు. అద్భుత చికిత్సల ప్రకటనలను అరికట్టే చట్టం మన దేశంలో 1954 నుంచీ ఉంది. దాని జాబితాలో 54 వ్యాధులూ, సమస్యలూ ఉన్నాయి. మధుమేహం, క్యాన్సర్, గుండెజబ్బులు, స్థూలకాయం అందులోవే. వాటిని నయం చేస్తామని మామూలు జనానికి మందు ప్రకటన ఇవ్వకూడదు. ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 'మా కాకరకాయ పొడి తింటే షుగరు మాయం' అని సరదాగా రాసే ముందు ఈ అంకెలు గుర్తుచేసుకోవాలి. 'ఎండబెట్టిన కాకరకాయలు, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేసిన పొడి' అంటే ఏ గొడవా లేదు. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు కనిపిస్తే కొనేవాళ్లకూ నమ్మకం.

సినిమా పాట, హీరో ఫొటో

చీర కట్టుకుని ఓ చక్కటి రీల్ చేస్తారు. వెనకాల హిట్టు సినిమా పాట. లైకులు బాగానే వస్తాయి. ఇంకేముంది, డబ్బు కట్టి మరింతమందికి చూపిద్దామని 'బూస్ట్' నొక్కుతారు. కుదరదంటుంది! సరదాగా పెట్టుకునే రీల్‌కు పాట వాడుకోవడం వేరు, వ్యాపారానికి వాడుకోవడం వేరు. రెండోదానికి పాట హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. ప్రకటనల్లో వాడుకోవడానికి మెటా ఉచితంగా ఇచ్చే సంగీతం ఉంది. 'సౌండ్ కలెక్షన్' అంటారు. అందులోంచి తీసుకుంటే తంటా ఉండదు. మీ గొంతుతోనే చీర గురించి నాలుగు మాటలు చెబితే ఇంకా మంచిది.

హీరోల ఫొటోలదీ ఇదే కథ. అనుమతి లేకుండా పేరు, ఫొటో, గొంతు వాడుకోకుండా కాపాడమంటూ 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టును ఆశ్రయించారు. ఇద్దరికీ అనుకూలంగానే ఉత్తర్వులొచ్చాయి. అభిమానం గోడమీది పోస్టరుకు పరిమితం చేసుకుంటే క్షేమం.

లింకు తెరుచుకోకపోతే...

యాడ్ బ్రహ్మాండంగా ఉంటుంది. నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది. లేదా యాడ్‌లో 900 రూపాయలన్న చీర, లోపలికెళ్తే 1400 ఉంటుంది. ఈ రెండింటికీ రిజెక్షన్ తప్పదు. పేజీలో మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సరుకు నచ్చకపోతే ఏం చేస్తారో ఉండాలి. పెట్టే ముందు మీ ఫోన్లో కాకుండా పక్కింటివాళ్ల ఫోన్లో లింకు తెరిచి చూడండి. యూట్యూబ్, గూగుల్ ప్రకటనలకైతే ఇంకో చిన్న మెలిక. యాడ్ రాతలో ఫోన్ నంబరు ఇరికించకూడదు. నంబరు కోసం విడిగా చోటు ఉంటుంది, అక్కడే ఇవ్వాలి.

ఒకప్పుడు ఫొటోలో 20 శాతానికి మించి అక్షరాలుంటే ఫేస్‌బుక్ ఒప్పుకునేది కాదు. 2020లో ఆ నిబంధన ఎత్తేశారు. అయినా ఇప్పటికీ అదే కారణమనుకుని ఫొటోలు మార్చుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది.

అప్పులు, కొలువులు, ఇళ్లు

హైదరాబాద్‌లో ఫ్లాట్లు అమ్మే బిల్డరు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ప్రకటన చూపించాలనుకున్నాడనుకోండి. ఇంటి ప్రకటన కాబట్టి 'ప్రత్యేక కేటగిరీ' అని ముందే చెప్పాలి. అలా చెప్పాక వయసు, ఆడామగా, పిన్‌కోడు చూసి మనుషుల్ని ఏరుకోవడం కుదరదు. ఇళ్ల అమ్మకంలో వివక్ష చూపకూడదని అమెరికాలో 1968లోనే చట్టం వచ్చింది. ఫేస్‌బుక్ ప్రకటనల్లో అది జరుగుతోందని పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కితే, 2019లో రాజీ కుదిరి ఈ పద్ధతి వచ్చింది. అప్పులు, ఉద్యోగాల ప్రకటనలకూ ఇదే వరస.

మన దేశంలో షేర్లు, పెట్టుబడుల ప్రకటనలిచ్చేవాళ్లు సెబీ రిజిస్ట్రేషన్ వివరాలతో తామెవరో రుజువు చేసుకోవాలని 2025లో మెటా నియమం పెట్టింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి సరేసరి. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం ఆ ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. జరిమానా 50 లక్షల దాకా, జైలు రెండేళ్ల దాకా.

ఆపేశారు... ఇప్పుడేం చెయ్యాలి?

ముందు కంగారు పడొద్దు. నడవని ప్రకటనకు డబ్బు పోదు. తర్వాత ఒక్కొక్కటిగా...

* వచ్చిన మెయిలు పూర్తిగా చదవండి. ఏ నియమం దాటారో అందులో రాసి ఉంటుంది. అదే వివరం 'బిజినెస్ సపోర్ట్ హోమ్'లోనూ కనిపిస్తుంది.

* తప్పు మీదేననిపిస్తే యాడ్‌ను దిద్ది మళ్లీ పంపండి. మాట, ఫొటో, లింకు, వయసు... నాలుగూ చూసుకోండి. ఒక్క పదం మార్చి పదిసార్లు పంపడం వల్ల ప్రయోజనం లేకపోగా ఖాతాకే చెడ్డపేరు.

* తప్పు కంప్యూటరుదే అనిపిస్తే యాడ్ జోలికెళ్లకుండా 'రిక్వెస్ట్ రివ్యూ' నొక్కండి. మరోసారి పరిశీలిస్తారు. ఉల్లిగడ్డల వాళ్లకు పనికొచ్చింది గట్టిగా అడగడమే.

* తెలివితేటలు చూపించొద్దు. అక్షరాల మధ్య చుక్కలు పెట్టి నిషిద్ధ పదాలు రాయడం, పరిశీలనకు ఓ పేజీ, జనానికి ఇంకో పేజీ చూపడం పెద్ద తప్పుల కిందికొస్తాయి. అప్పుడు ఆగేది యాడ్ కాదు, ఖాతా.

* ఖాతా ఆగిందని ఇంకో పేరుతో కొత్తది తెరిస్తే అదీ మూతపడుతుంది. పాతదాని మీదే అప్పీలు చేసుకోవాలి.

* పండగ యాడ్‌ను పండగకు ముందురోజు పెట్టొద్దు. వారం పది రోజులు ముందుంటే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

* ఎలా రాయాలో తోచకపోతే మెటా 'యాడ్ లైబ్రరీ' చూడండి. మీలాంటి వ్యాపారులు ఇప్పుడు నడుపుతున్న ప్రకటనలన్నీ అక్కడ ఉచితంగా కనిపిస్తాయి. కాపీ కొట్టడానికి కాదు, తీరు తెలుసుకోవడానికి.

అసలు గండం ఇదీ!

యాడ్ ఆగితే పోయేది నాలుగు రోజుల బేరం. ఆ కంగారులో మోసగాడి చేతికి చిక్కితే పేజీ మొత్తం పోతుంది. 'మీ పేజీ 24 గంటల్లో డిలీట్ అవుతుంది, ఈ లింకు నొక్కి అప్పీలు చేసుకోండి' అంటూ మెసెంజర్లోనో మెయిల్లోనో సందేశం వస్తుంది. పైన ఫేస్‌బుక్ గుర్తు కూడా ఉంటుంది. నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చారా... అంతే సంగతులు! ఏళ్లతరబడి కూడబెట్టుకున్న ఖాతాదారులు, కార్డు వివరాలు అన్నీ వాడి గుప్పిట్లో. నిజంగా అభ్యంతరముంటే మీ ఖాతాలోకి వెళ్లి చూసినా కనిపిస్తుంది. అక్కడ లేదంటే ఆ సందేశం దొంగదే. 'పదివేలిస్తే ఖాతా తెరిపిస్తాం' అనే ఏజెంట్లనూ నమ్మొద్దు. అప్పీలు చేసుకోవడానికి రూపాయి కూడా కట్టనక్కర్లేదు.

రెండంచెల భద్రత పెట్టుకోండి. ఇంట్లో నమ్మకమైన ఇంకొకరిని కూడా పేజీ అడ్మిన్‌గా చేర్చుకోండి. ఒకరి ఖాతా పోయినా రెండోవాళ్లు తలుపు తెరవగలరు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే అంత ఆశ.

ఊళ్లో సంత జరిగినన్నాళ్లూ సరుకు బాగుందా లేదా అని చేత్తో పట్టుకుని చూసి కొన్నారు. ఇప్పుడు కొనేవాళ్లకు కనిపించేది ఒక ఫొటో, నాలుగు మాటలు. ఆ నాలుగూ ఉన్నదున్నట్టుగా ఉంటే కంప్యూటరూ ఒప్పుకుంటుంది, కొన్నవాళ్లూ రెండోసారి వస్తారు.