మూత లేని పెట్టె... పొంచి ఉన్న ముప్పు

- సంపులు, సెప్టిక్‌ ట్యాంకుల మోటార్లకు కరవైన రక్షణ
- సున్నపు ధూళి, రాతి నేలతో పిడుగురాళ్లలో రెట్టింపు ప్రమాదం

పిడుగురాళ్ల: సంపులో నీరు పైట్యాంకుకు ఎక్కించాలన్నా, సెప్టిక్‌ ట్యాంకు నిండినప్పుడు మురుగు తోడాలన్నా మోటారే దిక్కు. వేలకు వేలు పోసి మోటారు కొనే యజమాని, దానికి విద్యుత్తును అందించే స్విచ్‌, స్టార్టర్‌, వైర్ల జాయింట్లు ఉండే పెట్టె విషయంలో మాత్రం చేయి ముడుచుకుంటున్నాడు. చెక్క పలకకు బిగించిన స్విచ్‌, దానిపై కప్పిన ప్లాస్టిక్‌ సంచి, టేపు చుట్టిన జాయింటు... పట్టణంలో ఏ వీధికి వెళ్లినా కనిపించే దృశ్యమిది. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ పెట్టె ప్రాణాంతకంగా మారుతోంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశవ్యాప్తంగా 12 వేల మందికి పైగా విద్యుదాఘాతానికి బలయ్యారు. వారిలో అధికులు నింగి నుంచి పడిన పిడుగుకు కాదు, ఇంటి చుట్టూ, పొలం గట్టున ఉన్న తీగలకే బలయ్యారన్నది గమనార్హం.

ఊరి లక్షణమే శాపం

సున్నపు బట్టీలకు పేరెన్నికగన్న పిడుగురాళ్ల 2005లో పురపాలక సంఘంగా మారింది. 2011 జనాభా లెక్కల నాటికే ఇక్కడ 63 వేలకు పైగా జనం ఉన్నారు. రాష్ట్రంలోని అనేక చిన్న పట్టణాల మాదిరిగానే ఇక్కడి ఇళ్లూ సెప్టిక్‌ ట్యాంకులపైనే ఆధారపడ్డాయి. ఇరుకు స్థలాల్లో తాగునీటి సంపు, మురుగు గుంత, మోటారు పెట్టె మూడూ పక్కపక్కనే ఉండటం సర్వసాధారణమైంది.

దీనికి సున్నపు ధూళి తోడైంది. గాలిలో తేలే ఆ పొడి మూత లేని పెట్టెలోకి చేరి టెర్మినళ్లపై పొరలా పేరుకుంటుంది. ఎండాకాలంలో పొడిగా ఉన్నంత వరకు పెద్దగా కీడు కనిపించదు. తొలకరి తేమ తగలగానే అదే పొర క్షార ద్రవంగా మారి విద్యుత్తుకు దారి ఇస్తుంది. అల్యూమినియం తీగలను తినేస్తుంది. బిగువు తగ్గిన చోట నిప్పురవ్వలు లేస్తాయి. వానాకాలం ఆరంభంలో మోటార్లు వరుసగా కాలిపోవడానికి నాసిరకం వైండింగే కారణమని యజమానులు అనుకుంటారు గానీ, దోషం తరచూ పెట్టెలోనే ఉంటుంది.

గుంతలోని వాయువు పెట్టెలోకి

సెప్టిక్‌ ట్యాంకులో ముప్పు మరో రూపంలో ఉంటుంది. మలినాలు కుళ్లినప్పుడు హైడ్రోజన్‌ సల్ఫైడ్‌, మీథేన్‌ వాయువులు పుడతాయి. మొదటిది రాగిని నల్లబరిచి కాంటాక్టులను పాడుచేస్తుంది; మనిషి పీలిస్తే ప్రాణం తీస్తుంది. రెండోది నిప్పురవ్వకు అంటుకుంటుంది. గుంతలో నుంచి మోటారు కేబులును పైపులో తెచ్చి నేరుగా పెట్టెలోకి దూర్చితే, ఆ పైపే వాయువులకు పొగగొట్టంగా మారుతుంది. స్టార్టర్‌ వేసిన ప్రతిసారీ లోపల చిన్న రవ్వ పుడుతుందన్నది మెకానిక్కులందరికీ తెలిసిందే. అయినా పైపు చివరను గాలి చొరబడకుండా మూసే అలవాటు మాత్రం అరుదు.

నీటిమట్టం పెరిగితే తనంతట తానే మోటారును నడిపే ఫ్లోట్‌ స్విచ్‌ల వాడకం ఇటీవల పెరిగింది. సౌకర్యం బాగానే ఉంది. అయితే పూర్తిగా కరెంటు తీయకుండా గుంత వద్దకు మనిషి వెళ్తే, చెప్పాపెట్టకుండా మోటారు తిరగడం మొదలవుతుంది. స్విచ్‌ను న్యూట్రల్‌ తీగకు బిగించిన చోట్ల మోటారు ఆగినా కేబులులో విద్యుత్తు ఉంటూనే ఉంటుంది. ఆగిన మోటారును చూసి ధైర్యంగా చేయి పెట్టిన వాడు బలైపోతాడు.

ఎంసీబీ ఉంటే చాలదు

ఎంసీబీ బిగించాం కనుక భయం లేదన్న నమ్మకం ప్రజల్లో బలంగా నాటుకుంది. ఇది సగం నిజం మాత్రమే. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. తడిసిన చేతితో లైవ్‌ తీగను తాకిన మనిషి శరీరం గుండా దాదాపు 0.2 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించవచ్చు. గుండె లయ తప్పడానికి అది చాలు. అయితే 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.03 ఆంపియర్ల తేడా వచ్చినా అది రెప్పపాటులో సరఫరాను తెంచివేస్తుంది.

పల్నాడు నేలలో దీని అవసరం మరింత ఎక్కువ. ఇక్కడ పైమట్టి కింద తగిలేది సున్నపురాయి. వేసవిలో తేమ ఇంకిపోయి ఎర్త్‌ గుంతలు ఎండిపోతాయి. ఎర్త్‌ నిరోధం 10 ఓంలకు చేరిందనుకుందాం. 230 వోల్టుల వద్ద మోటారు బాడీకి కరెంటు సోకినా ప్రవహించేది 23 ఆంపియర్లే. 20 ఆంపియర్ల ఎంసీబీ అంత స్వల్ప అధికభారానికి వెంటనే పడిపోదు, చాలాసేపు నిలబడుతుంది. అంతసేపూ మోటారు బాడీ, ఇనుప పైపు, పెట్టె తలుపు అన్నీ ప్రాణాంతకమే. నల్లరేగడి నేలల్లో ఎర్త్‌ ఒక్కటే కాపాడగలిగిన సందర్భాల్లోనూ రాతి నేలల్లో ఆర్‌సీసీబీ తోడు లేనిదే గత్యంతరం లేదు.

నిబంధనలు ఘనం... అమలు శూన్యం

కేంద్ర విద్యుత్తు ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఎర్తింగు, లీకేజీ రక్షణ వాటిలో ఉన్నాయి. 2003 విద్యుత్తు చట్టంలోని 161వ సెక్షన్‌ ప్రమాదాలపై సమాచారం, విచారణకు వీలు కల్పించింది. కానీ మీటరు దాటిన తరువాత వైరింగు బాధ్యత వినియోగదారుడిదే. కనెక్షన్‌ ఇచ్చిన నాడు కాగితం మీద సరిపోయిన వైరింగు, పదేళ్ల తరువాత ఏ స్థితిలో ఉందో చూసే నాథుడు లేడు. అద్దె ఇళ్లలో పరిస్థితి మరీ అధ్వానం. పెట్టె యజమానిది, స్విచ్‌ వేసే చేయి అద్దెదారుడిది.

పొలాల సంగతీ ఇంతే. 2004లో ఉచిత విద్యుత్తు పథకం వచ్చిన తరువాత కెపాసిటరు, ఐఎస్‌ఐ మోటారు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ పైపు ఉండాలని రైతులకు షరతులు పెట్టారు. అవన్నీ విద్యుత్తు ఆదాకు ఉద్దేశించినవే. రైతు ప్రాణానికి అడ్డుగోడ అయిన స్టార్టర్‌ పెట్టె ఆ జాబితాలో చోటు దక్కించుకోలేదు.

గుంతల్లోకి మనుషులను దింపడంపై 2013 చట్టం కఠిన ఆంక్షలు విధించింది. మురుగు పనుల్లో మరణించిన వారి కుటుంబాలకు రూ.30 లక్షల పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మనిషికి బదులు యంత్రాన్ని దింపాలన్న ఆశయం మంచిదే. ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే పెట్టె సక్రమంగా లేకుంటే, మోటారు మధ్యలో ఆగిన నాడు మళ్లీ మనిషే గుంత అంచుకు చేరుతున్నాడు. మురుగు పొంగి పక్కనున్న సంపులో కలిసే ప్రమాదమూ లేకపోలేదు. 2024 జూలైలో పట్టణంలో అతిసారం ప్రబలిన సంగతి పాఠకులకు విదితమే. మురుగుకూ తాగునీటికీ మధ్య దూరం ఎంత విలువైనదో ఆ రోజులు గుర్తుచేస్తున్నాయి.

ఏం చేయాలి?

- పెట్టెను సంపు లేదా గుంత మూతపై కాక, పక్క గోడకు వాననీరు చేరని ఎత్తులో బిగించాలి.
- దుమ్ము, నీటి జల్లు రెంటినీ ఆపే ఐపీ 55 లేదా ఐపీ 65 గుర్తు ఉన్న పెట్టెను ఎంచుకోవాలి. మొదటి అంకె దుమ్ము నుంచి, రెండోది నీటి నుంచి రక్షణను తెలుపుతుంది. సున్నపు బట్టీల సమీపంలో మొదటి అంకె 6 ఉన్నదే మేలు.
- కేబులు పెట్టె అడుగు నుంచి, గ్లాండు ద్వారానే లోపలికి రావాలి. పైనుంచి రంధ్రం చేస్తే నీటిని ఆహ్వానించినట్లే.
- గుంతలో జాయింట్లు ఉండరాదు. మోటారు నుంచి పెట్టె వరకు ఒకే కేబులు ఉండాలి. గుంత వైపు పైపు చివరను మూసివేయాలి.
- ఫేజు, న్యూట్రల్‌ రెంటినీ ఒకేసారి తెంచే స్విచ్‌, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఆర్‌సీసీబీపై ఉన్న పరీక్ష మీటను తరచూ నొక్కి చూడాలి.
- ఎర్త్‌ గుంతలో వేసవి అంతా నీరు పోస్తుండాలి.

మోటారు ధరతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పమే. అయితే ప్రజల విజ్ఞతకే అంతా వదిలివేయడం సరికాదు. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు సంపు, గుంత కొలతలు చూసే పురపాలక సిబ్బంది పెట్టె స్థానాన్నీ చూడాలి. తొలకరికి ముందే డిస్కం సిబ్బంది వీధివీధినా పరిశీలన చేపట్టి, మెకానిక్కులకు అవగాహన కల్పించాలి. ప్రమాదం జరిగాక విచారణకు వచ్చే అధికారి, దానికి ముందే ఒక్కసారి వచ్చి పెట్టె తెరిచి చూస్తే కొన్ని ఇళ్లలోనైనా దీపాలు ఆరిపోకుండా ఉంటాయి.