త్రోవ చూపువారెవరు?

1940లో మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో అయ్యలసోమయాజుల లలిత చేరెను. పదునెనిమిదవ యేటనే భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో మిగిలిన తెలుగు యువతి ఆమె. అంతకుముందు ఆ కళాశాలలో స్త్రీలు చేరి యెరుగరు. 1943లో ఆమె విద్యుత్ శాఖలో పట్టము పొందెను. పిమ్మట భాక్రా నంగల్ విద్యుత్ప్రసార మార్గముల రూపకల్పనలో పాలుగొనెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సమావేశమునకు వెళ్లెను.

ప్రతిభ ఆమెదే. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలలోనే ఆచార్యులు. కుమార్తె కోరికను ప్రిన్సిపాలు చాకోగారికి విన్నవించినది ఆయనయే.

లింగాల ఘనపూరులోని రైతుబిడ్డకు అట్టి తండ్రి యెక్కడ దొరకును? వరంగల్లులో 1959లో శంకుస్థాపన జరిగిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థ. 2018 నుండి ఐ.ఐ.టి.లలో బాలికలకు అదనపు సీట్లు కల్పించిరి. అవకాశము పెరిగినది. అయినను ఏ పరీక్షకు ఎప్పటినుండి సిద్ధపడవలెనో, పాలిటెక్నిక్కునకును ఐ.టి.ఐ.కిని భేదమేమో ఆ పిల్లకు ఇంట నెవరు చెప్పుదురు? ఉద్యోగమున చేరిన పిదప, కర్మాగారములో తానొక్కతెయే స్త్రీయైనపుడు ధైర్యము చెప్పువారెవరు? సీటు ప్రభుత్వ మీయగలదు. ఆ మాట మనిషియే చెప్పవలెను.

ఉపాధ్యాయులారా, ఆ తండ్రి స్థానము మీది. మీ బడిలో చదివి నేడు ప్రయోగశాలలోనో, కర్మాగారములోనో పనిచేయుచున్న పూర్వవిద్యార్థినిని ఏటికొకసారి పిలిపింపుడు. ఆమె పడిన కష్టమును గూడ దాచక చెప్పనిండు. బాలికలారా, ఆమెను ప్రశ్నించుటకు సిగ్గుపడకుడు. రేపు మీ చెల్లెండ్రు మిమ్మడుగుదురు.